పగడాల రంగును నమోదు చేయడం: స్వరాజ్ ద్వీప్ డైవింగ్ సీజన్ వివరాలు

నవంబరు

నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించినప్పటి నుంచి, సముద్రంలోకి దిగి చూసి రావడంతో సరిపెట్టుకోవడం నాకు సమ్మతంగా లేదు. అందువల్ల ఈ సీజన్‌లో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దగ్గర చేసే డైవ్‌లను పగడాల ఆరోగ్యాన్ని నమోదు చేసే స్వచ్ఛంద పనికి కేటాయించాను. విశాఖపట్నంలో స్కూబా నేర్చుకున్నవాళ్లకు ఇది అంత దూరపు చోటేమీ కాదు. ఇక్కడ పడవల మీద తెలుగు మాట తరచుగానే వినబడుతుంది.

నేను పాటిస్తున్నది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్‌వాచ్ పద్ధతి. దీనికి కావలసింది ఒక ప్లాస్టిక్ రంగుల అట్ట, ఒక స్లేటు, ఒక పెన్సిలు. అట్ట అంచుల వెంబడి బి, సి, డి, ఇ అనే నాలుగు వర్ణాలు, ఒక్కో వర్ణంలో 1 నుంచి 6 వరకు ఛాయలు ఉంటాయి. 1 దాదాపు తెలుపు, 6 బాగా ముదురు. ఒక్కో పగడం మీద అన్నిటికన్నా లేతగా ఉన్న చోటు ఏ గడికి సరిపోతుందో, అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోటు ఏ గడికి సరిపోతుందో రాసుకుని, ఆ పగడం కొమ్మల రకమా, బండ రకమా, పళ్లెం రకమా, మెత్తని రకమా అన్నది పక్కన గుర్తు పెట్టుకోవాలి. అట్టను పగడానికి దగ్గరగా పట్టుకుంటే రెండింటి మీదా ఒకే వెలుతురు పడుతుంది కనుక, నీటి అడుగున ఎరుపు మాయమైపోవడం వల్ల పోలికకు పెద్దగా ఇబ్బంది రాదు. ఒక్కో సర్వేలో కనీసం 20 పగడాలనైనా చూడాలి. వాటిని అందం చూసి ఎంచుకోకూడదు. నేను ఫిన్స్‌ను (కాళ్లకు తొడిగే ఈత రెక్కలను) కొన్నిసార్లు ఆడించి ఆగి, అప్పుడు ఎదురుగా ఉన్న పగడాన్నే తీసుకుంటాను.

ఈ పద్ధతిలో పగడాన్ని తాకవలసిన పని లేకపోవడం నన్ను బాగా ఆకర్షించింది. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. విరిగిపడిన ముక్కను కూడా ఒడ్డుకు తీసుకురాకూడదు. విరిగిన కొమ్మలను మళ్లీ నాటే పని చేయాలనే ఉత్సాహం చాలామంది కొత్త డైవర్లకు ఉంటుంది గాని, అది అనుమతులతో, నిపుణుల పర్యవేక్షణలో జరగవలసిన పని. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల వల్ల కలిగే అసలైన మేలు, ఒకే చోటును, ఒకే పద్ధతిలో, మళ్లీ మళ్లీ చూసి నిజాయితీగా రాయడంలోనే ఉందని నా అభిప్రాయం.

డిసెంబరు

ఈ నెల ఎక్కువ సమయం బోయన్సీ సాధనకే, అంటే నీటిలో తేలిపోకుండా, మునిగిపోకుండా నిలవడం నేర్చుకోవడానికే వెచ్చించాను, అది తగిన ఖర్చే. ఒక చేత అట్ట, ఇంకో చేత పెన్సిలు పట్టుకుని, పగడానికి జానెడు ఎత్తున కదలకుండా నిలవాలంటే ఊపిరి ఒక్కటే సాధనం. సుమారు 11 లీటర్ల అల్యూమినియం సిలిండరు గాలి ఒత్తిడి 200 బార్ నుంచి 50 బార్‌కు వచ్చేసరికి దాదాపు రెండు కిలోల బరువు తగ్గి పైకి లాగుతుంది. కనుక బరువులను డైవ్ మొదట్లో కాక, చివర్లో 50 బార్ మిగిలి ఉన్నప్పుడు, అయిదు మీటర్ల లోతున నిలిచి సరిచూసుకోవాలి. కాళ్లను కిందికీ మీదికీ కొడితే ఇసుక లేచి పగడం మీద పడుతుంది, అందుకే కప్ప ఈదినట్టుగా ఫ్రాగ్ కిక్ అలవాటు చేసుకున్నాను. ఒత్తిడి చూపే గేజి గొట్టాన్ని, గాలి పీల్చుకునే రెండో రెగ్యులేటర్‌ను జాకెట్‌కు క్లిప్పుతో బిగించి ఉంచుతున్నాను. వేలాడే గొట్టం తగిలి కొమ్మలు విరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల రాష్‌గార్డ్ వేసుకుంటున్నాను.

ఫిబ్రవరి

తెల్లగా కనబడేదంతా బ్లీచింగ్ (వేడికి పగడం తెల్లబడటం) కాదు. ఈ నెల నేర్చుకున్నదంతా దీని చుట్టూనే తిరిగింది.

మామూలుగా ఉండే అత్యధిక వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి, అది కొన్ని వారాలు నిలిస్తే, పగడం తన కణజాలంలో ఉండే శైవలాలను వెళ్లగొడుతుంది. దాని రంగూ, ఆహారంలో అధిక భాగమూ వాటివల్లే కనుక, అవి పోతే పగడం తెల్లబడి ఆకలితో ఉంటుంది, కాని అప్పటికి ఇంకా బతికే ఉంటుంది. ముఖం దగ్గరగా పెట్టి చూస్తే పారదర్శకమైన పాలిప్‌లు, అంటే పగడాన్ని కట్టే చిన్న చిన్న జీవులు, కనబడతాయి. నీళ్లు తొందరగా చల్లబడితే కోలుకోగలదు. చిలుక చేప కొరికిన చోట మాత్రం కణజాలం ఉండదు, సున్నపు పొర మీద జంట గీతలు మిగులుతాయి. ముళ్ల కిరీటం నక్షత్ర చేప తిన్న చోట వెడల్పైన తెల్లని మచ్చ, దాని అంచున స్పష్టంగా బతికి ఉన్న రంగు కనిపిస్తాయి. చుట్టుపక్కల వెతికితే తరచుగా ఆ నక్షత్ర చేపే దొరుకుతుంది. కొమ్మల పగడాల మొదట్లో డ్రుపెల్లా అనే చిన్న నత్తలు నక్కి ఉంటే, తెలుపు కింది నుంచి పైకి పాకుతుంది. కొమ్మల కొనలు పెరిగే చోట సహజంగానే తెల్లగా ఉంటాయి కనుక అట్టతో చూసేటప్పుడు వాటిని వదిలేయాలి.

పోరైటిస్ అనే బండ రకం పగడం ఒకటి, పెద్దది, దాని దగ్గర ఈ తేడాలన్నీ ఒక్కచోటే కనబడ్డాయి. ఎండ నేరుగా పడే నెత్తి భాగం డి3, నీడగా ఉన్న పక్క డి5, మధ్యలో చిలుక చేపల గాట్లు. నా నీడ పడగానే దాని మీద రంగురంగుల క్రిస్మస్ ట్రీ పురుగులు చటుక్కున గొట్టాల్లోకి ముడుచుకున్నాయి, నేను కదలకుండా ఉన్నాక ఒక్కొక్కటే మళ్లీ విచ్చుకున్నాయి. ఆ బండకు గాట్లు కాకుండా రంగు అంకెలు మాత్రమే నమోదు చేశాను. గాట్ల సంగతి పక్కన వేరే గడిలో రాశాను. రంగు అంకె రెండు మెట్లు మారితే పగడంలోని శైవలాల్లో గణనీయమైన మార్పు వచ్చినట్టు లెక్క కాబట్టి, ఈ రెండింటినీ కలిపేస్తే వచ్చే ఏడాది పోలికకు అర్థమే ఉండదు.

ఏప్రిల్

ఇది అసలు గమనించవలసిన కాలం. అండమాన్ పగడాలు 2010లో తీవ్రంగా తెల్లబడింది ఈ వేసవి నెలల్లోనే. డైవ్ కంప్యూటర్ చూపే ఉష్ణోగ్రతను ప్రతి సర్వేలో లోతుతో పాటు రాస్తున్నాను. కొమ్మల పగడాలు ముందుగా లేతబడతాయి, బండ రకాలు ఎక్కువ కాలం తట్టుకుంటాయి. అందువల్ల రకాల వారీగా సగటు తీయకుండా అన్నిటికీ ఒకే సగటు వేస్తే చిత్రం తప్పుదారి పట్టిస్తుంది. పగడాల మీద చుట్టుకున్న వల కనబడితే లాగకుండా, చోటు గుర్తు పెట్టుకుని పడవలో చెబుతున్నాను. వలతో పాటు బతికున్న కొమ్మలూ ఊడి వస్తాయి.

కొత్తగా రాదలచినవారికి ప్రయాణం గురించి ఒక మాట. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు విరామం ఉండాలి. ద్వీపం నుంచి శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు) పడవలో వచ్చి ఆ రాత్రి అక్కడే ఉండేలా ప్రణాళిక వేసుకుంటే ఈ నియమం సులువుగా నెరవేరుతుంది. స్లేటు మీది అంకెలను మాత్రం ఆ రాత్రి దాకా ఆపకుండా, తేదీ, చోటు, లోతు, ఉష్ణోగ్రతలతో పాటు డైవ్ చేసిన రోజు సాయంత్రమే కోరల్‌వాచ్‌కు పంపేయాలి. పెన్సిలు గీతలు తడి చేతులకు చెరిగిపోతాయి. వానాకాలం గడిచాక ఇవే దిబ్బల మీద, ఇవే లోతుల్లో, ఇదే అట్టతో మళ్లీ మొదలుపెడతాను.