పాలు చేపే వేళ మెదడులో పక్కకు జరిగే కణాలు

మా ఇంట్లో గేదెను పితికే ముందు అమ్మ దూడను కాసేపు వదిలేది. దూడ పొదుగును కుమ్ముతూ చీకుతుంటే కొద్దిసేపటికే చన్నులు నిండుగా బిగుసుకునేవి. “చేపింది, దూడను ఇవతలికి లాగు” అనేది అమ్మ. దూడ నోటి స్పర్శకూ పాలు దిగడానికీ మధ్య ఆ కాస్త వ్యవధిలో ఏం జరుగుతుందన్న ప్రశ్న నాలో చాలాకాలం ఉండిపోయింది. దానికి జవాబు వెతుకుతూ చదివిన వాటిలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా పట్టి నిలిపింది పొదుగు కథ కాదు, నాడీకణాల కథ కూడా కాదు. ఆ నాడీకణాల చుట్టూ ఉండే గ్లియా కణాల కథ.

చన్ను చీకినప్పుడు పుట్టిన సంకేతం వెన్నుపాము గుండా మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగానికి చేరుతుంది. అక్కడ దృష్టి నాడులు కలిసే చోటుకు కొంచెం పైన సుప్రాఆప్టిక్ కేంద్రకం అనే చిన్న గుంపులో పెద్ద పెద్ద నాడీకణాలు ఉంటాయి. వాటిలో కొన్ని తయారుచేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలోకి విడుదలై, పొదుగులోని పాలతిత్తులను చుట్టి ఉన్న కండర స్వభావపు కణాలను ముడుచుకునేలా చేస్తుంది. అదే చేపు. ఎలుకల్లో ఇది మరింత విచిత్రంగా ఉంటుంది: పిల్లలు ఎడతెగకుండా చీకుతూనే ఉన్నా, కొన్ని నిమిషాలకొకసారి మాత్రమే ఆక్సిటోసిన్ కణాలన్నీ ఒక్కసారిగా, కొద్ది సెకన్లపాటు ఉధృతంగా స్పందిస్తాయి, ఆ వెంటనే పాలు దిగుతాయి.

ఈ కణాలను ఉత్తేజపరిచే ప్రధాన రసాయనం గ్లుటమేట్. హైపోథాలమస్ అంటే హార్మోన్లు, పెప్టైడ్‌లే గుర్తుకొచ్చే రోజుల్లో, 1990లో వాన్ డెన్ పోల్, ఆయన సహచరులు ఇక్కడ కూడా ఉత్తేజక ప్రసారంలో పెద్దపీట గ్లుటమేట్‌దేనని చూపారు. అయితే గ్లుటమేట్ విడుదల కావడం ఎంత అవసరమో, పని అయ్యాక తొలగిపోవడం కూడా అంతే అవసరం. ఆ బాధ్యత ఎక్కువగా ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలది. వాటి పొరల మీద ఉండే జీఎల్‌టీ-1 వంటి రవాణా ప్రోటీన్లు గ్లుటమేట్‌ను లోపలికి లాక్కుంటాయి. కణం దానిని గ్లుటమిన్‌గా మార్చి నాడీకణాలకు తిరిగి అందిస్తుంది. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన విర్కో ఈ కణాలకు జిగురు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు కానీ, ఇవి చేసే పని జిగురు చేసే పని కాదు.

సుప్రాఆప్టిక్ కేంద్రకంలో మామూలు రోజుల్లో ఆస్ట్రోసైట్ల సన్నని పోగులు ఒక నాడీకణానికీ మరొక నాడీకణానికీ మధ్య దూరి ఉంటాయి. ఎలుక ఈనే సమయానికి, ఆ తర్వాత పాలిచ్చే కాలమంతా, ఆ పోగులు వెనక్కి తగ్గుతాయి; పక్కపక్క కణాల పొరలు నేరుగా ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఒళ్లు నీటి కోసం అలమటించే స్థితిలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. అమెరికాలో హాటన్ బృందం, ఫ్రాన్స్‌లోని బోర్డోలో థియోడోసిస్, పూలాన్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద దీనిని ఓపికగా నమోదు చేశారు. ఎదిగిన జంతువు మెదడు ఆకారం అవసరాన్ని బట్టి ఇంతగా మారుతుందన్న మాట నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక్కడే చాలామంది తొందరపడి ఒక నిర్ణయానికి వస్తారు, మొదట నేనూ అలాగే వచ్చాను: గ్లియా తప్పుకుంటే గ్లుటమేట్ ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి నాడీకణం ఎక్కువగా ఉత్తేజితమవుతుంది. 2001లో ఓలియే, పియే, పూలాన్ చేసిన ప్రయోగాలు అంత సూటిగా లేదని తేల్చాయి. గ్లుటమేట్ తొలగింపు మందగించినప్పుడు అది పక్కకు వ్యాపించి, దానిని విడుదల చేసిన నాడీకొన మీదే ఉన్న మెటబోట్రోపిక్ గ్రాహకాలను, అంటే రసాయన సంకేతాన్ని అందుకునే ఒక రకం ప్రోటీన్లను, తాకుతుంది. ఆ గ్రాహకాలు తదుపరి విడుదలను తగ్గిస్తాయి. ఈనని ఎలుకల మెదడు ముక్కల్లో రవాణా ప్రోటీన్లను మందుతో అడ్డుకున్నా, పాలిచ్చే ఎలుకల్లో కనిపించిన ఫలితమే వచ్చింది. అంటే గ్లియా ఎంత దగ్గరగా ఉందన్నదే సినాప్స్ (ఒక నాడీకణం మరొకదానికి సంకేతం అందించే సంధి) బలాన్ని దిద్దుతోందన్న మాట.

రెండో మలుపు 2006లో అదే బోర్డో నుంచి వచ్చింది. గ్లుటమేట్‌కు స్పందించే ఎన్‌ఎండీఏ గ్రాహకం గ్లుటమేట్ ఒక్కదానితోనే తెరుచుకోదు, దానికి తోడుగా మరొక అణువు కూడా అంటుకోవాలి. ఈ కేంద్రకంలో ఆ తోడు అణువు డి-సెరీన్ అనీ, అది ఆస్ట్రోసైట్ల నుంచి వస్తుందనీ పనాటియే తదితరులు చూపారు. పాలిచ్చే ఎలుకల్లో ఆస్ట్రోసైట్లు దూరంగా జరగడం వల్ల సినాప్స్ దగ్గర డి-సెరీన్ తగ్గుతుంది, ఎన్‌ఎండీఏ గ్రాహకాల స్పందన కూడా తగ్గుతుంది. అందువల్ల ఒకే ఉద్దీపన ఒక స్థితిలో సినాప్స్‌ను దీర్ఘకాలం బలపరిస్తే, మరొక స్థితిలో అలా బలపరచలేకపోవచ్చు.

గ్లియా జరగడం వల్లే పాలు చేపుతాయని నేను అనడం లేదు. ఈ ప్రయోగాలు ఆ మాట చెప్పవు. గ్లుటమేట్ మాట నాడీకణానికి ఎంత గట్టిగా, ఎంతసేపు, ఎంత దూరం వినబడాలో పక్కనున్న కణం తన స్థానంతో నిర్ణయిస్తోందని మాత్రం చెబుతాయి. ఎలుకపిల్లలు పాలు మానేసి పొదుగు వట్టిపోయిన తర్వాత, ఆస్ట్రోసైట్ల పోగులు మళ్లీ నాడీకణాల మధ్యకు చేరుకుంటాయి.