గుడ్డ సంగతి తెలిస్తేనే టైటస్ సాల్ట్ అర్థమవుతాడు

టైటస్ సాల్ట్ పేరు చెప్పగానే ఎవరైనా సాల్టైర్ ఊరి సంగతే ఎత్తుకుంటారు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ పక్కన, ఒక మిల్లు యజమాని తన పనివాళ్ళ కోసం కట్టించిన రాతి ఊరు అది. 2001లో యునెస్కో జాబితాకెక్కింది. అంత డబ్బు ఎక్కడిది, ఆ ఊరిని సరిగ్గా అలాగే ఎందుకు కట్టాడు అన్నది తెలియాలంటే మాత్రం ముందు మగ్గం మీది పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) దగ్గరికి వెళ్ళాలి.

సాల్ట్ పుట్టింది 1803 సెప్టెంబరు 20న, లీడ్స్ దగ్గరి మోర్లీలో. తండ్రి డేనియల్ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని వ్యాపారి. కొడుక్కి మొదట అబ్బిన విద్య ఉన్నిని చేత్తో తడిమి రకం చెప్పడం. రష్యాలో డాన్ నది ప్రాంతం నుంచి డాన్స్‌కోయ్ అనే ముతక ఉన్ని వచ్చేది. చిక్కులు, మట్టి ఎక్కువని వడికేవాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. ఎవరూ కొనకపోతే నేనే వడుకుతానని సాల్ట్ ఒక మిల్లు అద్దెకు తీసుకున్నాడు. వ్యాపారి కాస్తా తయారీదారుడైంది అలాగే. 1836 ప్రాంతంలో లివర్‌పూల్ గోదాములో కొనే దిక్కులేక పడివున్న మూడు వందలకు పైగా అల్పాకా (దక్షిణ అమెరికాలో ఒంటె జాతికి చెందిన జంతువు) ఉన్ని బేళ్ళ విషయంలోనూ ఇదే పద్ధతి: ముందు నమూనా పట్టుకెళ్ళి వడికి చూశాడు, ఆ తర్వాతే మొత్తం సరుకు కొన్నాడు.

అల్పాకా గుడ్డను కనిపెట్టింది సాల్టేనని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. అతనికి ముందే హాలిఫాక్స్ దగ్గర బెంజమిన్ ఔట్రమ్ దాంతో శాలువలు నేయించాడు. అవి ఖరీదు ఎక్కువై సామాన్యులకు అందలేదు.

చిక్కంతా పోగులోనే ఉంది. గొర్రె ఉన్ని వెంట్రుకకు పొలుసులు లేచి ఉంటాయి, వంకీలు ఉంటాయి. వడికేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అల్పాకా వెంట్రుక నున్నగా, జారుగా, పొడుగ్గా ఉంటుంది. సాగదీసే యంత్రంలో ముందు రోలర్ల జతకు, వెనక జతకు మధ్య దూరం ఈ పొడుగుకు సరిపోవాలి. దూరం తగ్గితే ఒకే వెంట్రుకను రెండు జతలూ పట్టుకుని తెంపేస్తాయి. పెరిగితే పొట్టి వెంట్రుకలు ఏ జతకూ చిక్కకుండా మధ్యలో తేలి, దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. అందుకే ముందు దువ్వి పొట్టివాటిని వేరుచేయాలి. గాలి పొడిగా ఉంటే వెంట్రుకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రేగుతాయి, కాబట్టి నూనె పట్టించాలి, తేమా చూసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా వచ్చిన దారాన్ని పడుగుగా వేస్తే నిలవడం కష్టం. మగ్గం మీద బిగువంతా పడుగుదే. అచ్చు, అంటే పేకను దగ్గరికి కొట్టే దువ్వెన, ముందుకీ వెనక్కీ ఆడిన ప్రతిసారీ రాపిడీ దానికే. పేకకు ఆ బాధ లేదు. నాడె వెంట వచ్చి పడుకుంటుంది, అంతే. కాబట్టి పడుగుకు సన్నటి గట్టి నూలు, పేకకు అల్పాకా. పేక పైకి తేలేలా నేస్తే నూలు కనపడదు, మెరుపు మాత్రమే కనిపిస్తుంది. హైదరాబాదు హిమ్రూ గుడ్డ ఎరిగినవాళ్ళకు ఈ లెక్క కొత్తేమీ కాదు, అక్కడా కింద నూలు మోస్తుంది, పైన పట్టు మెరుస్తుంది. నూలు పడుగు ఆలోచన కూడా సాల్ట్ ఒక్కడిదే కాదు. ఆ రోజుల్లో బ్రాడ్‌ఫర్డ్‌లో మరికొందరూ వాడుతున్నారు. దాన్ని అల్పాకాతో కలిపి, ధర దించి, బేళ్ళ లెక్కన నేయించడం అతని గొప్ప.

ఈ కలనేతకు రెండు తిప్పలున్నాయి. నూలు ఒకలా, జంతువు వెంట్రుక ఒకలా రంగు పీలుస్తాయి. కాబట్టి పడుగుకు ముందే రంగు వేసి, నేశాక గుడ్డకు ఇంకోసారి వేయాలి. రెండోది, తడిస్తే రెండూ ఒకేలా ముడుచుకోవు, గుడ్డ బుడిపెలు బుడిపెలుగా లేస్తుంది. దీనికి మందు ఒకటే: రంగులోకి దించే ముందే గుడ్డను రోలరు మీద బిగించి చుట్టి, మరిగే నీళ్ళలో తిప్పి, ఆ బిగువులోనే స్థిరపడనివ్వాలి. ఈ పనిలో తొందరపడితే తర్వాత ఏ ఇస్త్రీ దాన్ని దారికి తేలేదు.

1844లో విక్టోరియా రాణి తన విండ్సర్ అల్పాకాల ఉన్నిని సాల్ట్ దగ్గరే నేయించుకుంది. ఆ దశాబ్దం చివరికి అతనికి బ్రాడ్‌ఫర్డ్‌లో ఐదు మిల్లులు.

ఆ ఊరు మాత్రం భరించరానిది. వాగులోకి మురుగు, ఆకాశంలోకి పొగ. 1848లో సాల్ట్ మేయరయ్యాడు. పని లేక, ఓటు హక్కు కోరే చార్టిస్టుల అలజడితో ఊరు ఉడికిపోతున్న ఏడాది అది. 1849లో కలరా వచ్చి వందల మందిని తీసుకెళ్ళింది. రోడ్డా అనేవాడి పేటెంటు పొగ నివారణ పొయ్యిలను సాల్ట్ తన మిల్లుల్లో పెట్టి చూపించాడు. ఇలాంటి పొయ్యిల కిటుకు చిన్నదే: కొత్త బొగ్గు నుంచి లేచే పొగ, ఎర్రగా కాలుతున్న నిప్పుల మీదుగా గాలితో కలిసి పోతే అక్కడే మండిపోతుంది. పొయ్యి వేసేవాడు శ్రద్ధగా కొంచెం కొంచెం బొగ్గు వేయాలి. ఇతర యజమానులకు ఆ ఓపిక లేకపోయింది. మేయరుగా ఉండీ వాళ్ళ చేత చేయించలేకపోయాడు. ఊరు మార్చుకోవాలన్న ఆలోచనలో దీనికీ వాటా ఉందని నా అనుకోలు.

తన 50వ పుట్టినరోజున, 1853 సెప్టెంబరు 20న, ఎయిర్ నది ఒడ్డున కొత్త మిల్లు తెరిచాడు. భవనాలు వాస్తుశిల్పులు లాక్‌వుడ్, మాసన్‌లవి, యంత్రాల వైపు ఇంజనీరు విలియం ఫెయిర్‌బెయిర్న్. ముందు భవనం పొడవు 545 అడుగులు, ఆరంతస్తులు. పొగగొట్టం 250 అడుగులు. పైనుంచి చూస్తే ఇంగ్లిషు టీ అక్షరంలా ఉంటుంది: అడ్డంగా వడికే భవనం, దాని నడుమ నుంచి కాలువ వైపు గోదాము, చెరో పక్క దువ్వే షెడ్డు, నేసే షెడ్డు. ఒక పక్క రైలు, ఒక పక్క కాలువ. సరుకు వెనక్కి తిరగాల్సిన పని లేకుండా ఒక చివర ఉన్నిగా వచ్చి ఇంకో చివర గుడ్డగా పోవాలని ఏర్పాటు. నేసే షెడ్డులో 1,200 మగ్గాలు, రోజుకు 30,000 గజాలు. మగ్గాలను తిప్పే షాఫ్టులను నెత్తి మీద కాకుండా నేల కింద పెట్టించాడు. నెత్తి మీద ఉంటే బెల్టులు వెలుతురుకు అడ్డం, దుమ్ము, నూనె చుక్కలు గుడ్డ మీద. ఉన్ని కడగడానికి పైకప్పుల వాననీరు పట్టించాడు. సున్నపు నీళ్ళలో సబ్బు తెట్టెకట్టి ఉన్నికి అంటుకుంటుంది, వాననీళ్ళలో ఆ గొడవ లేదు.

ఊరిని కూడా ఇదే బుర్రతో కట్టాడు. దాదాపు 850 ఇళ్ళు, ప్రతి ఇంటికీ నీళ్ళు, గ్యాసు, పెరట్లో సొంత మరుగుదొడ్డి. మేస్త్రీలకు పెద్దవి, కూలీలకు చిన్నవి. వీధులకు భార్య కారొలైన్ పేరు, పిల్లల పేర్లు. 1859లో చర్చి, 1868లో ఆసుపత్రి, బడి, ముసలివాళ్ళకు 45 ఉచిత ఇళ్ళు, 1871లో పార్కు. 1863లో తెరిచిన చాకిరేవు భవనంలో ఆవిరితో తిరిగే ఉతుకుడు యంత్రాలు, వేడిగాలి అరలు. ఇంట్లో గుడ్డలు ఉతికి వీధిలో ఆరేస్తే యజమానికి గిట్టేది కాదట. ఆడవాళ్ళకు తమ మైల గుడ్డలు నలుగురి ముందూ మోసుకెళ్ళడం గిట్టలేదు. ఆ భవనం ఆ శతాబ్దం చివర్లోనే కూల్చేశారు. సారా దుకాణానికి అసలు చోటే లేదు. చాలా ఏళ్ళ తర్వాత అక్కడ తెరిచిన ఒక బారుకు 'టైటస్‌కి చెప్పకండి' అని అర్థం వచ్చే పేరు పెట్టడం బాగుంది.

అయితే ఇల్లు కంపెనీది. పని పోతే ఇల్లూ పోయినట్టే. ఉచిత ఇళ్ళకు మంచి నడవడి షరతు. కార్మిక సంఘాలంటే అతనికి పడేది కాదు. దాతృత్వం అంటే తాను గీసిన గీతలో ఇవ్వడమే.

పార్లమెంటు గురించి చెప్పేందుకు పెద్దగా లేదు. 1859లో బ్రాడ్‌ఫర్డ్ నుంచి లిబరల్ సభ్యుడయ్యాడు, మాటకారి కాదు, ఒంట్లో బాగులేక 1861లో వదిలేశాడు. 1869లో బారనెట్ అనే వంశపారంపర్య బిరుదు వచ్చింది. 1876 డిసెంబరు 29న పోయాడు. లక్ష మంది వీధుల్లో నిలబడ్డారంటారు.

అతని కళ్ళబడని ప్రమాదం మిల్లు మొదటి గదిలోనే ఉంది. బేలు విప్పి రకాలు ఏరేవాళ్ళు హఠాత్తుగా ఊపిరాడక, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయేవారు. అల్పాకా, మొహేర్ (అంగోరా మేక వెంట్రుక)లతో బ్రాడ్‌ఫర్డ్‌కు వచ్చిన జబ్బు ఇది. చచ్చిన జంతువుల ఉన్నిలో ఎండిన నెత్తురు గడ్డలు, వాటిలో ఆంత్రాక్స్ జబ్బు సూక్ష్మజీవి విత్తులు. పొడిగా విదిలిస్తే దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జర్మనీలో రాబర్ట్ కోహ్ అనే వైద్యుడు ఆ సూక్ష్మజీవి సంగతి ప్రకటించింది సాల్ట్ పోయిన ఏడాదే. బ్రాడ్‌ఫర్డ్ వైద్యుడు జాన్ హెన్రీ బెల్ 1880 ప్రాంతంలో ఉన్ని ఏరేవాళ్ళ జబ్బునూ ఆ సూక్ష్మజీవినీ కలిపి చూపాడు. ఆ తర్వాత వచ్చిన నియమాలు మామూలివే: ప్రమాదకరమైన బేళ్ళను తడిపి విప్పాలి, దుమ్మును కిందికి లాగే ఫ్యాన్లు పెట్టాలి, తిండి గదిలోకి తేకూడదు.

కంపెనీ ఆయన తర్వాత పదహారేళ్ళే నిలిచింది. అల్పాకా గుడ్డ బిరుసు. ఉబ్బెత్తు పంజరపు గౌనులున్నంత కాలం ఆ బిరుసే అందం. 1870ల్లో ఒంటికి అంటి జారే మెత్తటి ఫ్రెంచి ఉన్ని గుడ్డలు వచ్చాయి. వాటికి మెత్తగా, వదులుగా వడికిన దారం కావాలి, అది వేరే రకం యంత్రాల పని. బ్రాడ్‌ఫర్డ్ యంత్రాలన్నీ నున్నటి గట్టి దారానికి అమర్చినవి. పైగా 1890లో అమెరికా సుంకాలు పెంచింది. 1892లో కంపెనీ మూతపడింది. మరుసటి ఏడాది మిల్లూ ఊరూ కలిపి జేమ్స్ రాబర్ట్స్, మరికొందరు వ్యాపారులు కొనుక్కున్నారు.