ఆలస్యంగా వచ్చారనే ముందు గేట్లు లెక్కపెట్టండి

స్టేడియంలో మనుషులు పోయిన మర్నాడు మన పేపర్లన్నిటికీ ఒకటే మాట: తొక్కిసలాట. ఆ మాట చదివితే కంగారుగా పరిగెత్తి ఒకరినొకరు తొక్కుకున్న జనమే కళ్లముందు మెదులుతారు. తప్పు వాళ్లదేనని, ఆలస్యంగా వచ్చి తోసుకున్నారని సగం తీర్పు అక్కడే అయిపోతుంది. కానీ ఇలాంటి చోట్ల చాలామంది నిలబడ్డ చోటే, ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురుంటే నడవొచ్చు. ఐదుగురు దాటితే ఒంటికి ఒళ్లు ఆనుతుంది. ఆరేడుగురైతే కాళ్లు మన మాట వినవు, అల ఎటు పోతే మనమూ అటే. ఛాతీ విప్పారడానికి చోటుండదు. వెనకవాళ్లకు ముందేం జరుగుతోందో కనిపించదు.

1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్లు లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. స్టేడియంలో లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు సుమారు 10,100. వాళ్లకిచ్చిన టర్న్‌స్టైల్స్, అంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్లు, ఏడంటే ఏడు. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు మార్గదర్శి అయిన ఇప్పటి గ్రీన్ గైడ్ ఒక్కోదానికి గంటకు 660 మందికి మించి లెక్కకు తీసుకోవద్దంటుంది. అంటే ఏడింటికి 4,620. ఒక్కటీ మొరాయించకపోయినా అందరూ లోపలికి రావడానికి రెండు గంటల పది నిమిషాల పైనే. మ్యాచ్ మూడింటికి! బయట ఒత్తిడి పెరిగి 2:52కి పోలీసులు గేట్ సి తెరిపించారు. ఎదురుగా కనిపించే సొరంగం తిన్నగా మధ్యలోని 3, 4 'పెన్'లలోకి, అంటే కంచెలు కట్టిన నిలబడే గదుల్లోకి, పోతుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, పక్కవాటిలో చోటుంది. సొరంగం మూసి జనాన్ని పక్కలకు మళ్లించేవాళ్లు లేకపోయారు. ఆటనైనా కాసేపు వాయిదా వేయలేదు. 3:06కి ఆపారు. చివరికి 97 మంది పోయారు.

అభిమానులే గేటు బద్దలుకొట్టారని ఆరోజే పోలీసు కమాండర్ అబద్ధం చెప్పాడు. నాలుగు రోజులకు 'ది సన్' పత్రిక, చనిపోయినవాళ్ల జేబులు అభిమానులు కొట్టారని 'నిజం' అనే శీర్షికతో మొదటి పేజీలో వేసింది. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 27 ఏళ్లు ఆ నింద మోశారు.

ఇది పాతకాలపు సంగతి కాదు. 2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ 36 నిమిషాలు ఆలస్యమైంది. 'అభిమానులు ఆలస్యంగా రావడం వల్ల' అని స్టేడియం తెరల మీదే వేశారు. వాళ్లు గంటల ముందే వచ్చారు. పోలీసు వ్యాన్లు నిలిపి ఇరుకుచేసిన అండర్‌పాస్‌లో టికెట్ తనిఖీ పెట్టడంతో అక్కడే ఇరుక్కున్నారు. పైగా వాళ్ల మీద టియర్ గ్యాస్. టికెట్ లేనివాళ్లూ దొంగ టికెట్లవాళ్లూ 30 నుంచి 40 వేలన్నాడు ఫ్రాన్స్ హోంమంత్రి. గేట్ల దగ్గర స్కానర్లు పట్టిన నకిలీలు 2,589. ప్రధాన బాధ్యత ఆ పోటీ నడిపే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫాదేనని 2023 ఫిబ్రవరిలో స్వతంత్ర సమీక్ష తేల్చింది.

గ్యాస్ ఏం చేస్తుందో అదే ఏడాది అక్టోబర్ 1న ఇండోనేషియాలోని మలాంగ్‌లో చూశాం. స్టాండ్ల మీదికి గ్యాస్ వదిలితే జనమంతా ఒక్కసారిగా ఇరుకు గేట్ల మీద పడతారు. 135 మంది పోయారు. స్టేడియంలో గ్యాస్ వాడకూడదని ఫిఫా నియమాల్లోనే ఉంది.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పోయినప్పుడూ అడగాల్సినవి ఇవే: గేట్లెన్ని, ఎప్పుడు తెరిచారు, గంటకు ఎందరు లోపలికి పోగలరు? అదీ వెంటనే అడగాలి. పారిస్‌లో కోర్టువాళ్లు ఎవరూ అడగలేదని సీసీ కెమెరాల రికార్డింగు ఏడు రోజులకే చెరిగిపోయింది.