సెయింట్ మార్గరీట్ కోటలో ముసుగు ఖైదీ గది

సెయింట్ మార్గరీట్ దీవికి పదిహేను నిమిషాల పడవ ప్రయాణానికి ఫ్రాన్సులోని కాన్ రేవులో చెప్పిన ధర విన్నాక, పద్నాలుగో లూయీ రాజు కాలంలో అక్కడి కోటలో పేరు దాచి బంధించిన ఆ ఇనుప ముసుగు ఖైదీ ఎవరో తేల్చుకోకుండా తిరిగి రాకూడదని పంతం పట్టాను. సోఫియా ఆంటిపోలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, "మావయ్యా, అందరూ ఈ ఊరికి సినిమా తారల కోసం వస్తారు, మీరేమో జైలు చూస్తానంటున్నారు" అని విసుక్కుంటూనే టిక్కెట్లు కొన్నాడు.

సెయింట్ మార్గరీట్ దీవిలో దిగిన వాళ్ళలో చాలామంది ఈతకు, పైన్ చెట్ల నీడన భోజనాలకు వెళ్ళిపోయారు. మేము ఎండలో ఎత్తెక్కి, సముద్రం అంచున కొండ మీద ఉన్న రాయల్ కోటకు చేరి, అక్కడ మళ్ళీ టిక్కెట్టు కొన్నాం. ఖైదీ గది నేననుకున్నంత ఇరుకుగా లేదు. పైకప్పు ఎత్తుగానే ఉంది. మనసును పట్టి నిలిపింది మాత్రం కిటికీ. మందమైన గోడలో సొరంగంలా లోపలికి వెళ్ళిన ఆ సందులో ఒకదాని వెనుక ఒకటిగా మూడు వరుసల ఇనుప కటకటాలున్నాయి. మొదటి వరుసకు ముఖం ఆనించి చూస్తే మూడు వరుసలూ ఒకదానినొకటి కోసుకుని, సముద్రం చిన్న చిన్న నీలం ముక్కలుగా కనిపించింది.

మా పక్కన నిలబడిన ఒక ఫ్రెంచి తాతగారు మనవడికి వెండి పళ్ళెం కథ చెబుతున్నారు. మా వాడు నా చెవిలో తెలుగు చేశాడు. ఖైదీ వెండి పళ్ళెం మీద ఏదో గీకి కిటికీలోంచి విసిరాడట. అది దొరికిన జాలరి కోటకు తెచ్చి ఇస్తే, "నీకు చదువు రాకపోవడం నీ అదృష్టం" అని అధికారి వదిలేశాడట. ఈ కథను ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రెంచి రచయిత వోల్టేర్. నిజానికి అప్పట్లో ఇదే కోటలో బందీగా ఉన్న ప్రొటెస్టంట్ మతబోధకుడొకడు తన చొక్కాల మీద, తగరపు పళ్ళాల మీద రాతలు రాశాడు. అతని తగరం ముసుగు ఖైదీ దగ్గరికి వచ్చేసరికి వెండి అయింది. ముసుగు కూడా అంతే. 1698 సెప్టెంబరు 18న ఈ ఖైదీ పారిస్‌లోని బాస్టీలు జైలుకు చేరినప్పుడు కళ్ళారా చూసిన అధికారి డు జుంకా తన దినచర్యలో ముసుగు గురించి రాశాడు. అతను రాసింది నల్ల మఖమలు ముసుగు అనే. రేవులో కీచైన్లుగా అమ్ముతున్న ఇనుప ముసుగు తరువాతి వాళ్ళ చేతిపని.

తాతగారిని పలకరిస్తే చాలా ఉత్సాహపడ్డారు. ఆయన దృష్టిలో ఖైదీ పద్నాలుగో లూయీకి కవల సోదరుడు తప్ప మరొకరు కానే కారు. వోల్టేర్ అన్నగారన్నాడు, డ్యూమా తన నవలలో కవలను చేశాడు, జనం ఆ కవలనే పట్టుకున్నారు. క్రీట్ యుద్ధంలో మాయమైన బోఫోర్ ప్రభువనీ, ఇంగ్లండ్ రాజకుమారుడు మన్మత్ అనీ చెప్పినవాళ్ళూ ఉన్నారు. వీటన్నిటిలో కాస్త నిలిచే వాదన ఇటలీలోని మాంటువా ప్రభువు మంత్రి మాటియోలీది. కసాలే కోటను రహస్యంగా ఫ్రాన్సుకు అమ్మే బేరాన్ని బయటపెట్టి, 1679లో పట్టుబడినవాడతను. 1703 నవంబరులో చనిపోయిన ముసుగు ఖైదీని పారిస్‌లో పాతిపెట్టినప్పుడు రిజిస్టరులో రాసిన పేరు 'మార్షియోలీ' కావడంతో చాలామంది అక్కడే ఆగిపోయారు. అయితే అదే రిజిస్టరు వయసు సుమారు 45 అంటోంది. మాటియోలీ 1640లో పుట్టినవాడు. పైగా అతనిని పట్టుకున్న సంగతి అప్పట్లో రహస్యమేమీ కాదు.

నాకు నమ్మబుద్ధి అయినవాడు యూస్టాష్ డోజే. 1669 జులైలో యుద్ధమంత్రి లూవ్వా, ఆల్ప్స్‌లోని పిన్యరోల్ జైలు అధికారి సాన్‌మార్‌కు ఉత్తరం రాస్తూ, ఈ పేరు గల ఖైదీ వస్తున్నాడనీ, మాట బయటకు వినిపించకుండా తలుపు వెనుక తలుపు పెట్టాలనీ, తన అవసరాలు తప్ప మరేది మాట్లాడినా చంపుతానని బెదిరించాలనీ ఆజ్ఞాపించాడు. అదే ఉత్తరంలో, వచ్చేవాడు వట్టి పనివాడే కాబట్టి సామాను పెద్దగా అక్కరలేదని కూడా రాశాడు. 1675లో అతనిని అదే జైలులో ఉన్న మాజీ ఆర్థికమంత్రి ఫూకేకు సేవకుడిగా కూడా పెట్టారు. రాజు తోడబుట్టినవాడి చేత మాజీ మంత్రికి ఊడిగం చేయించే కాలం కాదది. ఈ మాట చెబితే తాతగారు భుజాలు ఎగరేసి, మనవడిని తీసుకుని మరో గదికి వెళ్ళిపోయారు.

అయితే పనివాడికి ఇంత బందోబస్తు ఎందుకు? రెండు సంగతులు కలిశాయని నా అభిప్రాయం. మొదటిది, యజమానుల వ్యవహారాలలో అతనికి ఏదో తెలిసి ఉండాలి. రెండోది సాన్‌మార్. గొప్ప ఖైదీలుంటేనే జైలు అధికారికి గౌరవం, రాబడి. 1680లో ఫూకే చనిపోయాడు, మరుసటి ఏడు అక్కడే ఉన్న లోజాన్ ప్రభువు విడుదలయ్యాడు. చేతిలో చెప్పుకోదగ్గ ఖైదీ మిగలలేదు. 1687లో సాన్‌మార్ డోజేను ఈ దీవికి తెచ్చినప్పుడు, మైనపు గుడ్డ కప్పిన పల్లకీలో పన్నెండు రోజులు మోయించాడు. గాలి అందక ఖైదీ జబ్బుపడ్డాడు. సాన్‌మార్ మాత్రం, తాను తీసుకువచ్చిన తీరు చూసి దారిపొడవునా ఎవరై ఉంటాడా అని అందరూ ఊహించుకున్నారని మంత్రికి ఉత్తరం రాసుకున్నాడు! మరుసటి జనవరిలో, ఇక్కడి జనం ఖైదీని కొందరు బోఫోర్ అనీ, కొందరు ఒకప్పటి ఇంగ్లండ్ పాలకుడు క్రాంవెల్ కొడుకనీ అంటున్నారని మరో ఉత్తరం. దాచవలసినవాడు అంత ఆడంబరంగా ఎందుకు మోయించాలి? ఖైదీకి ముసుగు తొడిగిన చేతులే ఈ కట్టుకథలకు విత్తనం వేశాయి. చివరకు బాస్టీలు అధికారి పదవి కూడా సాన్‌మార్‌కే దక్కింది, ఖైదీని వెంటబెట్టుకునే అక్కడికి వెళ్ళాడు.

ఆ గదిలో నాకు గోల్కొండలోని రామదాసు చెర గుర్తుకు రావడం సహజమే. రామదాసును చెరలో పెట్టాడని మనం చెప్పుకునే తానీషా, డోజే ఈ దీవికి వచ్చిన 1687లోనే ఔరంగజేబుకు పట్టుబడి, దౌలతాబాదు కోటలో ఖైదీగా కన్నుమూశాడు. రామదాసు చెరలో గోడ మీద చెక్కిన మూర్తులున్నాయి, ఇంటింటా పాడుకునే కీర్తనలున్నాయి. 34 ఏళ్ళు బందీగా బతికిన డోజే నోటి నుంచి మనదాకా వచ్చిన మాట ఒక్కటీ లేదు. ఉన్నదంతా జైలువాళ్ళు అతని గురించి రాసుకున్న ఉత్తరాలే.

తిరుగు పడవ కోసం ఎండలో వరుసలో నిలబడి ఈ వాదనంతా మేనల్లుడికి వినిపించాను. వాడు ఓపికగా విని, "అయితే మావయ్యా, ఇంత డబ్బు పోసి ఒక పనివాడి గది చూశామన్నమాట. ఆ సంగతి బయట బోర్డు మీద రాస్తే ఈ పడవ ఎవరైనా ఎక్కుతారా?" అన్నాడు. ఎక్కరని సాన్‌మార్‌కు మూడు వందల ఏళ్ళ కిందటే తెలుసునన్నాను.