గుడ్డ వెనకాల పదకొండు పేర్లు

సెలవుకు శ్రీకాళహస్తి వచ్చి నాలుగు రోజులైంది. పెట్టె తెరిస్తే చాక్లెట్లు, సెంటు బాటిళ్లు ఉంటాయని ఎదురుచూసిన మా పిన్నికి అడుగున మూడు గజాల కలంకారీ గుడ్డ కనిపించింది. "కాళహస్తికి కలంకారీ మోసుకొచ్చిందమ్మా, ఇంగ్లాండ్ నుంచి!" అని వీధిలో అందరికీ చెప్పి నవ్వింది. మోసుకొచ్చాను మరి, అమ్మకు చూపించాలని.

నేను ఉత్తర ఇంగ్లాండ్‌లో, ఒకప్పుడు నూలు మిల్లులుండిన ఊళ్లో, ఒక యూనివర్సిటీ ఆర్ట్స్ స్కూల్లో అద్దకం వర్క్‌షాప్ చూసుకునే టెక్నీషియన్ని. పాఠాలు చెప్పే పని నాది కాదు. బకెట్లు, స్టవ్‌లు, గ్లవుజులు, పిల్లలు కడక్కుండా వదిలేసిపోయిన బ్రష్షులు, ఇవీ నా సామ్రాజ్యం. అక్కడ రోజుకు పదిసార్లు వినిపించే మాట కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్. ఊళ్లో జనంతో కలిసి పనిచేయడానికి ఒక పోస్టు, ఒక బడ్జెట్, ఒక కమిటీ ఏంటబ్బా అని మొదట్లో నవ్వొచ్చేది. తిరుపతి గంగమ్మ జాతర చూసి పెరిగినదాన్ని కదా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ వారం రోజులు ఊరే వేషం కడుతుంది, మీసాలున్న మగాళ్లు చీర కట్టి పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు. అందులో కళాకారుడెవరు, ప్రేక్షకుడెవరు అని ఎవరిని అడుగుతాం?

లెక్క తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనను కొన్నేళ్లకోసారి మదింపు చేస్తారు, ఆర్‌ఈఎఫ్ అంటారు. ఆ పరిశోధన వల్ల బయట జనానికి ఏం ఒరిగిందన్నదానికీ అందులో వాటా ఉంటుంది. 2014లో అది 20 శాతం, 2021లో 25 శాతం. ప్రభుత్వం ఇచ్చే పరిశోధన డబ్బులో కొంత ఆ మదింపును బట్టే వస్తుంది. కాబట్టి చుట్టుపక్కల వీధుల్లో ఉండే ఆడవాళ్లు ఉన్నట్టుండి అందరికీ ముఖ్యమైపోయారు. తప్పని అనను. ఆ డబ్బు లేకపోతే ఆ గేటు లోపలికి వాళ్లు ఎప్పటికీ రారు.

కానీ ఇంతకుముందు పనిచేసిన చోట ఒకటి చూశా, మనసులోంచి పోదు. ఆరు వారాలు వచ్చి కుట్టిపోయిన ఆడవాళ్లను ఎగ్జిబిషన్‌కు పిలిచారు. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని గోడ మీది బోర్డంతా రెండుసార్లు వెతికింది. ఆ పని నడిపించిన మేష్టారి పేరు పెద్దక్షరాల్లో ఉంది, కింద "స్థానిక మహిళలతో కలిసి" అని సన్నగా ఉంది. ఆవిడ తను కుట్టిన ముక్క దగ్గర నిలబడి ఫోన్లో ఫోటో తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

నాకెందుకంత బాధేసిందంటే, అలాంటి బోర్డు నేను మా ఇంట్లోనే చూశా. నాన్న బొమ్మ గీసేవాడు. గాడా గుడ్డను కరక్కాయ నీళ్లలో, ఎనుము పాలలో ముంచి ఆరేసేది అమ్మ, రంగులు నింపేది అమ్మా పిన్నీ, స్వర్ణముఖిలో నీళ్లుంటే అక్కడ, లేకపోతే బోరు దగ్గర, నడుం విరిగేలా జాడించేది అమ్మ. గుడ్డ మూల సంతకం నాన్నది. షావుకారు కొన్నాక అదీ ఉండేది కాదు, కొట్టు లేబులే. 1957లో ఇక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టడం, 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ రావడం మా ఊళ్లో అందరూ చెప్పుకునే సంగతులే. ఉతికేవాళ్ల ఊసు మాత్రం ఎక్కడా రాదు.

అందుకే ఇప్పటి చోట కలంకారీ చేద్దామన్నప్పుడు మీటింగులో మొండిపట్టు పట్టా. వచ్చేవాళ్లకు గంటల లెక్కన డబ్బివ్వాలి, ఏం గీయాలో వాళ్లతో కలిసి తేల్చాలి, చేసిన ప్రతి మనిషి పేరూ గుడ్డ మీద ఉండాలి. ఒప్పుకున్నారు. అమ్మను వీడియో కాల్‌లో టీచర్ని చేశా, ఆమెకూ డబ్బిప్పించా. దానికి పట్టిన ఫారాల గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.

ఎనుము పాలు ఎక్కడ తెచ్చేది? సూపర్‌మార్కెట్లో నీలం మూత డబ్బా, అంటే వెన్న తీయని ఆవుపాలు, అదే గతి. పాలలో కొవ్వు సరిపోకపోతే కలం పెట్టగానే రంగు ఊరుకోదు, పాకుతుంది. మొదటి గుడ్డ మీద గీతలన్నీ గొంగళిపురుగుల్లా అయిపోయాయి. "నీళ్లు పోసినారా మే పాలల్లో?" అని అమ్మ ఫోన్లోంచే అరిచింది. మీగడ కలిపాక దారికొచ్చింది. నల్లరంగుకు కసిం పెట్టడం ఇంకో కథ. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు, మూడు వారాలు మూతేసి ఉంచాలి. సేఫ్టీ ఆఫీసరు వచ్చి మూత తీసి ఒక్క వాసన చూసి రెండడుగులు వెనక్కేశాడు. ఆరు పేజీల రిస్క్ అసెస్‌మెంట్ రాసిస్తే గానీ డ్రమ్ము మిగల్లేదు.

మిల్లులో పనిచేసి రిటైరైన ఒక తెల్లావిడ గుడ్డను వేళ్ల మధ్య నలిపి పోగులెన్నో చెప్పేసేది. మన అద్దకం గుడ్డలు రానివ్వకుండా వాళ్ల పార్లమెంటు 1700లో ఒక చట్టం, కట్టుకోనివ్వకుండా 1721లో ఇంకోటి చేసిందని, 1774 దాకా ఆ నిషేధం పోలేదని నేను చెబితే, "మా మిల్లులకు అన్నం పెట్టింది అదన్నమాట" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు, రంగులు నింపుకుంటూ కూర్చున్నాం. రామాయణం వద్దన్నారు అందరూ. వాళ్ల కాలువ, బస్టాపు, చేపల వేపుడు కొట్టు, మధ్యలో వాళ్లే గీసుకున్న చెట్టు.

నిన్న సాయంత్రం ఆ గుడ్డను వసారాలో పరిచా. అమ్మ ముందు బొమ్మ చూడలేదు, గుడ్డ తిరగేసి రంగు వెనక్కి ఎంత దిగిందో చూసింది. "ఎరుపు బాగుంది. పటిక సరిగ్గా పెట్టినారు. బస్సు మాత్రం తేరు మాదిరి ఉండాది." వెనక అంచున పదకొండు పేర్లున్నాయి, ఎవరి లిపిలో వాళ్లవి. చివరిది తెలుగులో నేను రాసిన అమ్మ పేరు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి కాసేపు ఊరకుంది. తర్వాత కొంగు చివర తడిచేసి దాని మీద రుద్దింది. కొంగుకు కొంచెం నీలం అంటుకుంది.

"పెన్నుతో రాసినావా? నాలుగు ఉతుకులకు పోతుంది. డ్రమ్మునిండా కసిం పెట్టుకోని, దాంతో రాయకూడదా మే?"