ముంజెకాయల బండి, పద్నాలుగు స్ప్రెడ్లు

ఇప్పటికి తొమ్మిది స్ప్రెడ్లకి రంగులు పూర్తయ్యాయి. మూడు పెన్సిల్‌లో ఉన్నాయి, రెండు మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి. స్ప్రెడ్ అంటే పుస్తకం తెరవగానే పక్కపక్కన కనిపించే రెండు పేజీలూ కలిపి వేసే ఒక బొమ్మ. మా బీఎఫ్ఏ (బొమ్మలు, శిల్పం లాంటి లలితకళల డిగ్రీ) ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కింద నేను పిల్లల బొమ్మల పుస్తకం తీసుకున్నానని చెప్పాను కదా, అప్పట్నుంచి ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎంతవరకొచ్చింది?" అంటున్నారు. ఫోన్‌లో చెప్తే సగం అర్థం కావట్లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

కథ మా ఊళ్ళో నాకు తెలుగు చెప్పిన మాస్టారిది. తాడేపల్లిగూడెం పక్కన మా ఊరు, పొలం గట్లమీద వరసగా తాటిచెట్లు. లచ్చి అనే ఏడేళ్ళ పిల్ల వాళ్ళ తాతయ్యతో వెళ్ళి ముంజెలు తింటుంది, తిన్న కాయలతో బండి చేసుకుంటుంది, చెరువు గట్టు దిగుడులో ఆ బండి చేతిలోంచి జారి తనంతట తను దొర్లిపోతుంది, లచ్చి వెనకాల పరిగెత్తుతుంది. అంతే కథ. మాస్టారు ఒక అరఠావు కాగితం మీద రాసిచ్చారు. చదవడానికి మూడు నిమిషాలు పట్టదు, బొమ్మలు వెయ్యడానికి ఏడో నెల నడుస్తోంది.

పద్నాలుగే ఎందుకని మా తమ్ముడు అడిగాడు. ప్రెస్సులో పెద్ద షీటుకి ఒకవైపు ఎనిమిది, రెండోవైపు ఎనిమిది పేజీలు అచ్చువేసి మడతపెడతారు, అది పదహారు పేజీల ఫారం. రెండు ఫారాలైతే 32 పేజీలు. ప్రపంచంలో చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీలకే ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది. అందులో మొదటి మూడు పేజీలు పేరుకీ వివరాలకీ పోతాయి, ఆఖరి పేజీ ఒంటరిది, మధ్యలో మిగిలింది పద్నాలుగు జతలు. కాబట్టి కథని పద్నాలుగు ముక్కలు చెయ్యాలి, ప్రతి ముక్క దగ్గరా పిల్ల పేజీ తిప్పాలనిపించాలి. నేను జూన్ అంతా బొమ్మే వెయ్యలేదు, అగ్గిపెట్టెంత గళ్ళు గీసుకుని వాటిలో కర్రబొమ్మలు వేస్తూ ఎక్కడ కోస్తే బాగుంటుందో చూసుకుంటూ కూర్చున్నాను. అది దండగ కాలం కాదు, మొత్తం పుస్తకంలో నాకు ఎక్కువ నేర్పింది ఆ నెలే.

ఒక ఉదాహరణ చెప్తాను. బండి గట్టు చివరికొచ్చే బొమ్మ ఉంది, ఏడోది. మొదట నేను బండిని పేజీ మధ్యలో పెద్దగా, అందంగా వేశాను. మా మేడం చూసి ఏమీ అనకుండా పేజీ తిప్పి, "ఇప్పుడు ఎవరైనా ఎందుకు తిప్పుతారు దీన్ని?" అన్నారు. బండి అక్కడ ఆగిపోయినట్టుంది, నిజమే. తర్వాత దాన్ని కుడిపేజీ కింది మూలకి తోశాను, ఒక చక్రం పేజీలోంచి బయటికి పోయి సగమే కనిపిస్తుంది. అవతల ఏముందో చూడాలంటే తిప్పక తప్పదు. తిప్పితే చెరువు, బాతులు ఎగిరిపడుతూ.

ఆరో బొమ్మ మళ్ళీ వెయ్యడానికి కారణం కూడా ఇలాంటిదే. తెలుగు ఎడమనుంచి కుడికి చదువుతాం, కన్ను అటే పోతుంది, బండి కూడా అటే పోవాలి. ఆ ఒక్క బొమ్మలో చింతచెట్టు అందంగా కుదిరిందని బండిని కుడినుంచి ఎడమకి నడిపాను. వరసగా గోడకి అంటించి చూస్తే అక్కడికొచ్చేసరికి లచ్చి ఇంటికి తిరిగొస్తున్నట్టు అనిపిస్తోంది. కంప్యూటర్లో అద్దంలో తిప్పినట్టు తిప్పేద్దామనుకున్నాను కానీ లచ్చికి రిబ్బను కుడిజడకే ఉంటుంది, ఎడమ జడ ఊడిపోయి ఉంటుంది. తిప్పితే జడలు మారిపోతాయి, పిల్లలు పట్టేస్తారు. చింతచెట్టు పోతోందని మనసు చివుక్కుమంది, అయినా తీసేశాను.

బండి గురించి. చిన్నప్పుడు నేనూ తోశాను కాబట్టి తెలుసనుకున్నాను. తీరా పెన్సిల్ పట్టుకుంటే చక్రాల మధ్య పుల్ల ఎక్కడ గుచ్చుతామో, పంగల కర్ర దానిమీద ఎలా ఆనుతుందో చెయ్యి వెయ్యలేకపోయింది. అందుకే మే నెలలో ఊరెళ్ళినప్పుడు మావయ్యతో గెల కొట్టించాను. కత్తితో పైన చెక్కితే మూడు కన్నులు బయటపడతాయి. బొటనవేలు దించి లాగితే ముంజె పగిలి నీళ్ళు మోచేతిదాకా కారతాయి, తీయగా, జిగురుగా. ముంజెలు తీసేసిన కాయ మీద మూడు గుంటలు, వాటి చుట్టూ తెల్లటి పీచు, గంట గడిచేసరికి ఆ తెలుపు గోధుమరంగులోకి తిరిగిపోతుంది. పైతొక్క నలుపు అనుకుంటాం కానీ నలుపు కాదు, ఊదా కలిసిన ముదురు గోధుమ, తొడిమ దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ. ఆ రోజు అరుగుమీద కూర్చుని పదకొండు కాయలు వేశాను. మావయ్య రెండు కాయలు పుల్లకి గుచ్చి, పంగల కర్ర ఆనించి, "తొయ్యవే" అన్నాడు, వీధి చివరిదాకా తోసుకెళ్ళాను. దొర్లేటప్పుడు గుంటల్లోకి మట్టి చేరుతుంది, చక్రం గుండ్రంగా ఉండదు కాబట్టి బండి కుంటుతూ ఒకపక్కకి లాగుతుంది. పుస్తకంలో బండి ఎక్కడా తిన్నగా నిలబడి ఉండకపోవడానికి అదే కారణం.

అసలు పెద్ద మార్పు సెప్టెంబరులో వచ్చింది. డమ్మీ అంటే తెల్లకాగితాలు మడిచి కుట్టి పెన్సిల్ బొమ్మలతో చేసే ఉత్తుత్తి పుస్తకం. అది తీసుకుని హైదరాబాద్‌లో మా పిన్నివాళ్ళ అపార్టుమెంటు పిల్లల దగ్గర కూర్చున్నాను. ఐదుగురు, నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు. చదివి వినిపించడం మొదలుపెట్టాను. మూడో పేజీలోనే ఒకడు "అక్కా, అవి బాల్సా?" అన్నాడు. వాళ్ళల్లో ముంజెలు తిన్నవాళ్ళున్నారు, తోపుడుబండి దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఒలిచి అమ్ముతారు కదా, అవి తిన్నారు. కానీ కాయ చూసినవాళ్ళు లేరు, దానితో బండి చేస్తారని అసలే తెలీదు. కథలో "లచ్చి బండి చేసుకుంది" అని ఒక్క వాక్యం ఉంది, అక్కడే వాళ్ళు నన్ను వదిలేశారు.

ఏం చెయ్యాలో వెంటనే తట్టలేదు. అంతకుముందు సంవత్సరం క్లాసుతో చేర్యాల వెళ్ళాం, సిద్దిపేట జిల్లాలో, నకాషీ పటాలు వేసే ఊరు. ఖాదీ గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి దానిమీద వేస్తారు. పొడవాటి పటాన్ని విప్పుతూ కథ చెప్పేవాళ్ళు పాడతారు. కథ అడ్డంగా వరసలు వరసలుగా ఉంటుంది, ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య పూల అంచు, అదే మనిషి ప్రతి గడిలోనూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. అప్పుడు నేను ఆ ఎరుపు నేపథ్యం చూసి మురిసిపోయి వచ్చేశాను. ఇప్పుడు నా పాత స్కెచ్‌బుక్ తిరగేస్తుంటే అసలు కిటుకు కళ్ళబడింది: ఒకే మనిషిని నాలుగుసార్లు వేస్తే కాలం నడుస్తుంది. మూడో స్ప్రెడ్ అలా మార్చాను. నాలుగు గళ్ళు, నాలుగు లచ్చిలు: కాయ చెక్కడం, ముంజె లాగడం, పుల్ల గుచ్చడం, కర్ర పట్టడం. మధ్యలో అంచుకి పూల బదులు తాటాకు వేశాను. మాటలు ఒక్కటీ లేవు.

మాటలు తీసెయ్యమని మాస్టారిని అడగడానికే నాకు భయమేసింది. ఆయన అరవై దాటిన మనిషి, ఇష్టంగా రాసుకున్నారు. ఫోన్ చేసి నీళ్ళు నములుతుంటే, ఫొటో పంపమన్నారు. పది నిమిషాల తర్వాత ఆయనే చేసి, "బొమ్మ చెప్పేసిందిగా అమ్మాయ్, ఇంక నేను చెప్పడమెందుకు, కొట్టెయ్" అన్నారు. ఆ తర్వాత ఆయనే ఇంకో ఆరు వాక్యాలు కొట్టేశారు. "ఎర్రటి ఎండలో" అని రాసినచోట నేను నీడలు పొట్టిగా వేశానని గమనించి అది కూడా తీసేశారు.

ఇక కుక్కపిల్ల సంగతి. మొదటి నాలుగు బొమ్మల్లో మూలల్లో ఖాళీగా ఉందని ఒక గోధుమరంగు కుక్కపిల్లని వేశాను. దానికి పేరు లేదు, కథలో లేదు. ఐదో బొమ్మ నుంచి మర్చిపోయాను. చదవడం అయిపోయాక అందరూ లేచారు, ఐదేళ్ళ పాప ఒకతి మాత్రం డమ్మీ తీసుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది, ఒక్కో పేజీ మీద వేలు పెట్టి వెతుకుతూ. "కుక్కపిల్ల ఏదక్కా? తప్పిపోయిందా?" నా దగ్గర జవాబు లేదు. ఆ పాప కథంతా బండికోసం వినలేదు, ఆ కుక్కపిల్ల కోసం చూసింది, అది వస్తుందేమోనని ఆఖరిదాకా ఎదురుచూసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూల నింపడానికి వేసినదాన్ని ఒక పిల్ల నమ్మింది.

ఇప్పుడు కుక్కపిల్ల పద్నాలుగు బొమ్మల్లోనూ ఉంది. నాలుగో బొమ్మలో లచ్చి చెప్పు ఒకటి నోట కరుచుకుని పారిపోతుంది, అక్కణ్ణుంచి లచ్చి ఒంటి చెప్పుతోనే పరిగెడుతుంది, కుక్క ఆ చెప్పుతో ఒకచోట మేకల మధ్య, ఒకచోట ఆరేసిన చీర కింద కనిపిస్తుంది. ఇదేదీ మాటల్లో ఉండదు. అప్పటికే రంగులేసిన నాలుగింటిలో గువాష్ అనే చిక్కటి రంగుతో పైన కలిపాను, వాటర్‌కలర్ మీద అది పడుతుంది, దళసరిగా ఉంటుంది కాబట్టి. ఆఖరి బొమ్మ మాత్రం మొత్తం మార్చాల్సిందే, అక్కడ లచ్చి నిద్రపోతుంటే గుమ్మంలో కుక్కపిల్ల ఆ చెప్పుమీద తల పెట్టుకుని పడుకోవాలి.

మా తాతయ్య దగ్గర పాత చందమామలు బైండు చేయించినవి ఉన్నాయి. 1947 జులైలో మొదలైన పత్రిక. విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో పోయారు, నేను అప్పుడు ఇంటర్‌లో ఉన్నాను, ఆ రోజు తాతయ్య బైండ్లన్నీ దించి చూపించాడు. దసరాకి వెళ్ళినప్పుడు మళ్ళీ దించాను, ఈసారి మూలలు మాత్రమే చూస్తూ. వెనకాల చెట్టు, గోడవార కుండ, దూరంగా నిలబడ్డ బంటు, ఏదీ ఖాళీ నింపడానికి వేసినట్టు లేదు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాల రంగులు చూస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడదు, ఆ మంచుపొర లాంటి నీలాలు ఎలా తేలాయో.

అచ్చు సంగతి కొంచెం చెప్పి ఆపుతాను. నాది ఎనిమిది అంగుళాల చదరపు పేజీ, అంటే స్ప్రెడ్ పదహారు బై ఎనిమిది. 22 బై 30 అంగుళాల దళసరి 300 జీఎస్‌ఎం షీటుని సగం చేస్తే సరిపోతుంది, చుట్టూ కోతకి పోయే 3 మిల్లీమీటర్లు కలిపి వెయ్యాలి. నడిమడతలో ముఖం పడకూడదు, ఒకసారి తాతయ్య ముక్కు సరిగ్గా అక్కడ పడింది. ఇంకోటి, తెలుగుకి వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. పైవరస ఒత్తు కిందివరస గుడికి తగులుతుంది, చిన్నపిల్లలు అక్కడే తడబడతారు. నేను ముందు వదిలిన జాగా చాలక రెండు బొమ్మల్లో ఆకాశం పెంచాను.

రెండు బొమ్మలు స్కాన్ చేసి అచ్చు తీయిస్తే వరిచేను పచ్చ చచ్చిపోయి పాచిరంగులో వచ్చింది. కౌంటర్ దగ్గరే కళ్ళనీళ్ళు తిరిగాయి. తెరమీద కనిపించేది వెలుగు, కాగితం మీద పడేది నాలుగు ఇంకులు, ఆ మెరుపు పచ్చ నాలుగు ఇంకుల్లో దొరకదు. అక్కడ మెషీన్ దగ్గరున్న అన్న ఓపిగ్గా కూర్చోబెట్టి, పచ్చలో మెజెంటా (ముదురు గులాబీ ఇంకు) ఎంతుందో చూపించి, అది తగ్గిస్తూ మూడు ముక్కలు తీసిచ్చాడు. మూడోది మా చేనుకి దగ్గరగా ఉంది. ఆ ముక్క ఇప్పుడు నా బల్లమీద అంటించి ఉంది, రంగు కలిపేటప్పుడల్లా పక్కన పెట్టి చూసుకుంటున్నాను.

సంక్రాంతి సెలవుల లోపు పద్నాలుగూ అవ్వాలి, తర్వాత కొత్త డమ్మీ చేసి ఆ పాపకే ముందు చూపిస్తానని పిన్నికి చెప్పాను. ఆరోదానికి షీటు తడిపి చెక్కకి గమ్ టేపుతో అంటించాను, రేపటికి బిగుస్తుంది. బండి ఈసారి కుడికే పోతోంది. చింతచెట్టు ఉండే చోట ఇప్పుడు ముళ్ళకంచె ఉంది, దాని కింద నుంచి ఒక తోక, చెప్పు కొస బయటికి కనిపిస్తున్నాయి.