బొలోన్యాలో ఒక పాత రంగుల సినిమా

పాత సినిమాలను వెదికి, బాగుచేసి, మళ్లీ తెర మీద చూపించే ‘ఇల్ చినెమా రిత్రొవాతో’ చిత్రోత్సవం ఇటలీలోని బొలోన్యా నగరంలో 1986లో మొదలైంది. ఇప్పుడు ఏటా వేసవిలో జరుగుతోంది. 2025 జూన్ 27న ఆ ఊరి నడిబొడ్డున, పియాజ్జా మజ్జోరే కూడలిలో, పునరుద్ధరించిన ‘షోలే’ను ఆరుబయట ప్రదర్శిస్తారని తెలియగానే ప్రయాణం ఖాయం చేసుకున్నాను. ఆ సినిమా అసలు కెమెరా నెగటివ్ బాగా పాడైపోయింది. అందువల్ల బ్రిటన్‌లో దొరికిన కాపీలూ, 1978 నాటి మరొక ఇంటర్‌పాజిటివూ (నెగటివ్ నుంచి తీసే మధ్యంతర కాపీ) ఆధారంగా చేసుకుని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, సిప్పీ ఫిల్మ్స్ దానికి మళ్లీ రూపం ఇచ్చాయి. ఎమర్జెన్సీ కాలంలో సెన్సారు మార్పించిన ముగింపు కూడా అందులో తిరిగి చేరింది. సాన్ పెత్రోనియో చర్చి పక్కన, అంత పెద్ద తెర మీద, అంత జనం మధ్య దాన్ని చూడడం గొప్ప అనుభవమే. అయితే నేను ఎక్కువగా రాయదలచింది మరునాడు చూసిన పని గురించి.

తెలిసినవారి సాయంతో ఒక ల్యాబులోకి అడుగుపెట్టగలిగాను. అక్కడ 1970ల నాటి ఒక రంగుల సినిమాను ఇళ్లలో చూసే డిస్కుల కోసం సిద్ధం చేస్తున్నారు. విడుదల సంగతి ఇంకా ప్రకటించలేదు కనుక పేరు రాయనని మాట ఇచ్చాను. డబ్బా మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. అసిటేట్ ఫిల్ము శిథిలమయ్యేటప్పుడు అసిటిక్ ఆమ్లం వెలువడుతుంది, ఆ ఆమ్లమే శిథిలతను మరింత వేగిరం చేస్తుంది, క్రమంగా ఫిల్ము కుంచించుకుపోయి మెలికలు తిరుగుతుంది. బల్ల ముందు కూర్చున్న ఆమె చేతికి నూలు తొడుగు వేసుకుని, ఫిల్ము అంచును వేళ్ల మధ్య నుంచి మెల్లగా పోనిస్తూ, ప్రతి అతుకు దగ్గరా ఆగి చూస్తున్నారు. ఒకచోట అంచు చిల్లులు వరుసగా చినిగి ఉన్నాయి. వాటి మీద సన్నని పారదర్శక టేపు అంటించి, చిల్లుల మేరకు టేపును తొలగించి, గోటితో గాలిబుడగలను అణచి, మళ్లీ రీలు కదిలించారు. కంప్యూటరు దగ్గరికి చేరకముందే ఇంత చేతిపని ఉంటుందని చదివి తెలుసుకోవడం వేరు, పక్కన నిలబడి చూడడం వేరు.

శుభ్రపరిచిన ఫిల్మును స్కానరుకు ఎక్కిస్తారు. గీతలు ఎక్కువగా ఉన్న రీళ్లను, ఫిల్ము మాదిరిగానే కాంతిని వంచే ఒక ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తారు. ఆ ద్రవం గీతల్లో నిండడంతో వాటిలో చాలా భాగం కనబడకుండా పోతాయి. ఆపైన మిగిలిన మరకలను ఒక్కొక్క ఫ్రేములో తుడిచే పని ఓపికకు పరీక్షే. రెండు గంటల సినిమాలో 1,72,800 ఫ్రేములు ఉంటాయి.

అన్నిటికంటే చిక్కు ముడి రంగుది. ఆనాటి ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలి ఛాయనిచ్చే సయాన్ రంగు త్వరగా వెలిసిపోవడం వల్ల బొమ్మంతా గులాబీ రంగులోకి దిగిపోతుంది. టెక్నికలర్ వారి రంగు అద్దకపు పద్ధతిలో తీసిన ప్రింట్లు మాత్రం దశాబ్దాల తరువాత కూడా దాదాపు చెక్కుచెదరవు. అదృష్టవశాత్తూ ఈ సినిమాకు అలాంటి ప్రింటు ఒకటి దొరికింది. దాని విలువ ఎంతో ఒక్క దృశ్యంలో అర్థమైంది. నెగటివ్ స్కాన్‌లో పట్టపగలు పొలంగట్టున ఒక మనిషి నడుస్తున్నాడు, నేల మీద అతని నీడ స్పష్టంగా పడుతోంది. అదే దృశ్యం పాత ప్రింటులో రాత్రి! పగలు చిత్రీకరించి, ప్రింటు వేసేటప్పుడు నల్లబరిచి, నీలంలోకి తిప్పే డే ఫర్ నైట్ పద్ధతి అది. ఆ ప్రింటు లేకపోతే రంగులు సరిచేసే కలరిస్టు దాన్ని తేటగా, పగలులాగే వదిలేసే ప్రమాదం ఉంది. నెగటివ్‌లో ఉన్న ప్రతి వివరాన్నీ బయటికి లాగడమే పునరుద్ధరణ అనుకునేవారి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆనాటి ఛాయాగ్రాహకుడు చీకట్లో దాచినదాన్ని దాచి ఉంచడం కూడా ఆ పనిలో భాగమే.

థియేటరు కోసం రంగులు సరిచేశాక ఇంటి డిస్కు కోసం మళ్లీ అదే పని వేరుగా చేస్తారు. థియేటరు తెర మీద తెలుపు ప్రకాశం 48 నిట్లుంటే (నిట్ అంటే వెలుగుకు కొలమానం), మామూలు టీవీ కోసం తయారుచేసే మూలప్రతికి ప్రమాణం 100 నిట్లు. పైగా ఇంట్లో దీపాలు వెలుగుతుంటాయి. ఫిల్ము గ్రెయిన్ విషయంలోనూ వాదోపవాదాలు జరిగాయి. నిలకడ లేకుండా కదిలే ఆ సన్నని రేణువుల వల్ల వీడియోను కుదించడం కష్టమవుతుంది, డిస్కులో ఎక్కువ చోటు పడుతుంది. అందుకని దాన్ని పూర్తిగా తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. అక్కడి బృందం గ్రెయిన్ ఉంచడానికే నిర్ణయించి, సినిమాను ఎక్కువ సామర్థ్యం గల డిస్కులో పెట్టాలని పట్టుబట్టింది. వారి పట్టుదలను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

చివరగా ఆ రాత్రి దృశ్యాన్ని, గదిలో దీపాలు వేసి, మామూలు టీవీలో చూశారు. గట్టు మీది మనిషి ముఖం కంటికి ఆనలేదు. పర్యవేక్షకుడు పాత ప్రింటును మరొకసారి వేయించి, ముఖం ఎంత మేరకు కనబడుతోందో గమనించి, నీలాన్ని ముట్టుకోకుండా ముఖం మీది నీడను మాత్రం కొద్దిగా తేలికపరచమన్నాడు. కలరిస్టు సరిచేసి చూపించాక ఒప్పుకుని, తరువాతి రీలు తెరవమని చెప్పాడు.